నీడను నరికి చలివేంద్రాలా?

ఏటా మార్చి నెలాఖరుకల్లా రాజమహేంద్రవరం కూడళ్ళలో చలివేంద్రాలు లేస్తాయి. కుండలకు పూలదండలు వేస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, నాయకులు మజ్జిగ గ్లాసు అందిస్తూ ఫొటోలు దిగుతారు. దాహానికి నీళ్ళిచ్చే చేతిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పందిరి అక్కర్లేకుండా వందమందికి నీడనిచ్చిన చెట్లు ఏమయ్యాయని ఆ ఫొటోలో ఉన్నవాళ్ళలో ఒక్కరూ అడగరేం? రోడ్డు వెడల్పని కొన్ని, కరెంటు తీగలకు అడ్డమని కొన్ని, షాపు బోర్డు కనపడటం లేదని ఇంకొన్ని పోయాయి. ఎవరు నరికారో, ఎవరు నరకమన్నారో అడిగే దిక్కు లేదు.

2015 మే నెల గుర్తుందా? ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎండలో పని మానితే పూట గడవని కూలీలు, ముసలివాళ్ళు. తుఫానుకు అంతమంది పోతే దేశమంతా కదిలేది. ఎండకు పోతే పరిహారం దరఖాస్తుతో సరి. “రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, కొత్తేముంది” అని చేతులు దులిపేసుకుంటాం. కొత్త ఉంది. రోళ్ళు పగిలే ఎండ తాతల నాడూ కాసింది. ఆ ఎండకూ మనిషి నెత్తికీ మధ్య అప్పుడు ఆకు ఉండేది. దాన్ని తీసేసింది మనమే.

ఆకు చేసే పని నీడతో అయిపోదు. ఆకు అడుగున కంటికి కనపడని రంధ్రాలుంటాయి. చెట్టు వేళ్ళతో లాగిన నీటిని వాటిలోంచి ఆవిరిగా వదులుతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది చుట్టుపక్కల నుంచే తీసుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి ఖర్చవుతుంది. కాలువ గట్టున బాగా ఎదిగిన నిద్రగన్నేరు ఎండ రోజున వంద లీటర్లు వదిలిందనుకోండి, దాదాపు 68 యూనిట్ల వేడిని మింగినట్టు. బిల్లు లేదు, కోత లేదు. ఏసీ ఏం చేస్తుంది? కరెంటు కాల్చి, గదిలో వేడిని తీసి వీధిలో పోస్తుంది. ఆ వీధిలో తోపుడు బండివాడు నిలబడి ఉంటాడు. ఉన్నవాడి చల్లదనం లేనివాడికి వేడిగా మారుతుంటే దాన్ని అభివృద్ధి అంటున్నాం.

“అసలే మనది డెల్టా, ఉక్కపోత. చెట్లు ఆవిరి వదిలితే ఉక్క ఇంకా పెరగదా?” అనేవాళ్ళున్నారు. ఆవిరి కలిసే మాట నిజమే. కానీ మిట్టమధ్యాహ్నం మనిషిని పడగొట్టేది నెత్తిన పడే ఎండ, కింద నుంచి కొట్టే తారు రోడ్డు సెగ, పక్క నుంచి కాల్చే గోడ. చెట్టు ఈ మూడింటినీ ఒకేసారి ఆపుతుంది. పగలంతా ఎండ తాగిన సిమెంటు రాత్రంతా ఆ వేడిని కక్కుతుంది. చెట్టు నీడలో ఉన్న నేలకు కక్కడానికి అంత వేడే మిగలదు.

ఇదొక వైపు. గాలి చెట్టును ఏం చేస్తోందో కూడా చూడాలి. వేడి మితిమీరి గాలి ఎండిపోతే, ఒంట్లో నీరు కాపాడుకోవడానికి మొక్క ఆ రంధ్రాలు మూసుకుంటుంది. మూసుకుంటే ఆవిరీ ఆగుతుంది, ఆహారం తయారీ తగ్గుతుంది. చల్లబరిచేది ఆగాక గాలి మరింత వేడెక్కుతుంది. వేడి పెరిగే కొద్దీ మొక్క మరింత బిగుసుకుంటుంది. చెట్టూ గాలీ ఒకదాన్నొకటి కాపాడుకోగలవు, ఒకదాన్నొకటి పాడుచేసుకోనూ గలవు. ఏది జరగాలో తేల్చేది మన గొడ్డలే.

దాళ్వా (రబీ వరి) రైతును అడగండి. వరి పూత విచ్చే గంటల్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, గింజ పాలు పోసుకోదు. నాట్లు ఆలస్యమై పూత ఎండల్లో పడ్డ చేను చూడటానికి పచ్చగానే ఉంటుంది, కంకి పట్టుకుంటే తాలు. రాత్రి చల్లబడకపోతే పగలు కూడబెట్టుకున్న ఆహారాన్ని మొక్క రాత్రి ఊపిరికే ఖర్చుపెట్టేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం దాకా తగ్గిందని 2004లోనే తేల్చారు. కౌలు కట్టి, అప్పు తెచ్చి, తాలు తూర్పారబట్టుకునే రైతుకు ఈ మాట చెప్పినవాళ్ళు ఎందరు? నీరు నిలిచిన చేలోంచి వచ్చే మీథేన్ గాలిని వేడెక్కిస్తుందనీ, మధ్యమధ్య ఆరబెట్టి తడి పెడితే అది తగ్గుతుందనీ చెప్పి, అందుకు తగ్గట్టు కాలువ వంతులు వేసినవాళ్ళు ఎందరు?

“ఒకటి కొడితే రెండు నాటుతాం” అంటారు. ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పెద్ద చెట్టు వేళ్ళు లోతుకు పోయి మే నెలలోనూ తడి వెతుక్కుంటాయి. జూలైలో నాటిన మొక్కకు మే నాటికి వేరు కూడా కుదురుకోదు, అది పశువు నోట పడకుండా మిగిలితే గొప్ప. లక్ష ఆకులు చేసే పని యాభై ఆకులు చేస్తాయా? చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని, బదులు నాటాలని 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో ఊరికి ఎప్పుడైనా చదివి వినిపించారా? దేశమంతటికీ మొక్కలు పంపే కడియం నర్సరీలు రాజమహేంద్రవరం పక్కనే ఉన్నాయి. మొక్కలకు కొరత అని ఇక్కడ ఏ అధికారీ చెప్పలేడు.

సముద్రం వైపు వెళ్తే ఈ నిర్లక్ష్యం ఇంకా ఘోరం. కోరంగి మడ అడవుల అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవి వేళ్ళు ఉప్పెన జోరును తగ్గిస్తాయి. వాటి కింది బురద, గాలిలోంచి చెట్లు లాగిన బొగ్గుపులుసు వాయువును కర్బనంగా తరాల తరబడి దాచి ఉంచుతుంది. ఒకప్పుడు పదిలక్షల పాళ్ళలో 280గా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. దానివల్ల వేడెక్కిన బంగాళాఖాతం తుఫానుకు మేత. 1839లో ఉప్పెన కోరంగి రేవును ఊడ్చేసింది. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫానుకు వెయ్యిమందికి పైగా బలయ్యారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఇంత చూసిన నేల మీదే 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడ నేలను మట్టితో పూడ్చారు. ఆ గోడు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. పేదలకు ఇల్లు కావాలి, కావాల్సిందే. అయితే మడను తీసేసిన చోట ఉప్పెన ముందు తాకేది ఆ పేదల గుమ్మాన్నే! పోటునీరు పారేలా కాలువలు తవ్వితే పాడైన మడ తిరిగి లేస్తుందని స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి ఈ డెల్టాలోనే చేసి చూపించాయి. దారి తెలిసి కూడా నడవకపోవడాన్ని ఏమనాలి?

భీమవరం చుట్టూ, కోనసీమ తీరం వెంబడి చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువులో ఉప్పు పక్క చేలోకి ఊరుతుంది, గట్టు మీది చెట్టు పై నుంచి ఎండుకొస్తుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరి చెట్లు మోడులయ్యాయి. కాపు మీద బతికే కుటుంబాలు మొత్తుకుంటే తప్ప అది వార్త కాలేదు.

2027లో గోదావరి పుష్కరాలు. రోడ్లకు, ఘాట్లకు, దీపాలకు అంచనాలు వేస్తారు. ఆ అంచనాల్లో నీడ అనే పద్దు ఉందా? ఉండాలి. పాలకులారా, రైల్వేస్టేషన్ నుంచి ఘాట్ల దాకా ఇప్పుడున్న ప్రతి చెట్టుకూ నంబరు వేసి, ఆ జాబితా జనం ముందు పెట్టండి. నంబరున్న చెట్టు పోతే సంతకం పెట్టిన అధికారి పేరు చెప్పండి. కాంట్రాక్టరుకు మొక్క నాటినందుకు కాదు, మూడో వేసవి దాటి అది బతికి ఉన్నందుకు డబ్బివ్వండి. మడ నేల మీద ఏ లేఅవుటుకూ అనుమతి ఇవ్వకండి. ఇవేవీ మీ చేతిలో లేనివి కావు.

వేసవిలో మనుషులు రాలిపోవడం దైవికమని ఇక చెప్పకండి. నీడ తీసేసిన చేతులు ఎవరివో ఈ ఊరికి తెలుసు. వచ్చే వేసవికి మళ్ళీ మజ్జిగ గ్లాసుతో నిలబడేవాళ్ళను ముందుగా ఒక లెక్క అడుగుదాం: ఈ ఏడాది ఎన్ని చెట్లు కొట్టించారు, ఎన్ని బతికించారు? చెప్పగలిగినవాడే ఆ గ్లాసు పట్టుకోవాలి.