ఎవరికీ కనబడని కిటికీ



ఇంటర్నెట్ మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న మన ఇళ్లలో తరచూ వినబడుతుంది. ప్రశ్న అంత పెద్దదిగా ఉన్నంతకాలం దానికి జవాబు దొరకదు. దాన్ని కొంచెం చిన్నది చేసుకుందాం. ఇంట్లో ఇంటర్నెట్‌తో మనం చేసేవి ముఖ్యంగా మూడు పనులు: చూడటం, రాయడం, ఆడటం. చూడటానికి బ్రౌజర్, రాయడానికి బ్లాగు, ఆడటానికి వీడియో గేమ్. ఈ మూడింటిలోనూ అల్లాహ్ మనకు అమానతుగా ఇచ్చిన ఒక్కొక్క అనుగ్రహం ఖర్చవుతూ ఉంటుంది. మొదటిదానిలో చూపు, రెండవదానిలో మాట, మూడవదానిలో సమయం.

హలాల్, హరామ్ తీర్పులు చెప్పడం ఉలమాల బాధ్యత. ఈ పరికరాలు లోపల ఎలా పనిచేస్తాయో చెప్పడం వరకే నా పని. కంప్యూటర్లన్నా, వాటిమీద ఆడే ఆటలన్నా నాకు ఎంతో ఇష్టం. ఆ ఇష్టంతోనే, వాటిని దూరం నుంచి చూసి భయపడే తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చూపు

టిమ్ బెర్నర్స్-లీ అనే శాస్త్రవేత్త 1990లో, జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో తొలి వెబ్ బ్రౌజర్‌ను తయారుచేశారు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ వెబ్ సాంకేతికతను ఎవరైనా రుసుము చెల్లించకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. ఈనాడు ఒక పల్లెటూరి విద్యార్థిని తన ఫోనులో తఫ్సీర్ చదవగలుగుతున్నదంటే ఆ నిర్ణయం కూడా ఒక కారణం.

తొలినాటి బ్రౌజర్‌కు జ్ఞాపకశక్తి ఉండేది కాదు. ఒక సైటుకు మీరు పదిసార్లు వెళ్లినా పదిసార్లూ కొత్తవారే. 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఇంజనీరు లూ మొంటూలీ ఈ లోటు తీర్చడానికి ‘కుకీ’ అనే చిన్న గుర్తింపు చీటీని రూపొందించారు. దుకాణంలో మనం ఎంచుకున్న సరుకులు సైటుకు గుర్తుండటం వంటి మామూలు అవసరాలకే అది పుట్టింది. కాని కొద్ది కాలంలోనే ప్రకటనల సంస్థలు ఆ చీటీని పట్టుకుని, మనం ఏ సైటు తరువాత ఏ సైటుకు వెళ్తున్నామో గమనించడం మొదలుపెట్టాయి. మీరు ఒక సైటులో బురఖాల ధరలు చూస్తే, మరునాడు వార్తల సైటులోనూ బురఖాల ప్రకటనలే కనబడటానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ వెంబడింపుతో విసిగినవారికీ, చూసినది ఇంట్లో తెలియకూడదనుకునేవారికీ ఒకే చోట ఆశ్రయం దొరికింది. అదే ‘ప్రైవేట్’ కిటికీ. క్రోమ్ బ్రౌజర్ దానికి పెట్టిన పేరు ‘ఇంకాగ్నిటో’. టోపీ, కళ్లద్దాలు పెట్టుకున్న గూఢచారి బొమ్మ దాని గుర్తు. ఈ బొమ్మ పరిచయం లేని కౌమారప్రాయులు మన ఇళ్లలో కొద్దిమందే ఉంటారు. దాని పనితీరు సరిగా తెలిసిన పెద్దలు అంతకన్నా తక్కువ.

అది చేసేదల్లా ఇంతే. ఆ కిటికీ మూసివేయగానే చూసిన సైటుల జాబితానూ, కుకీలనూ ఆ ఫోనులో మిగలకుండా చెరిపివేస్తుంది. ఫోను తరువాత చేతిలోకి తీసుకునే అమ్మీకో, అబ్బాకో చరిత్ర కనబడదు. అయితే దిగుమతి చేసుకున్న ఫైళ్లు ఫోనులోనే ఉంటాయి. ఏ సైటుకు వెళ్లారన్నది ఇంటర్నెట్ సరఫరా చేసే కంపెనీకి తెలియవచ్చు. కాలేజీ, ఆఫీసు నెట్‌వర్క్ నిర్వాహకులకూ తెలియవచ్చు. వెళ్లిన సైటుకు ఎలాగూ తెలుస్తుంది. ఈ విషయమై 2020లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గూగుల్‌పై దావా పడింది. చివరకు 2024లో రాజీ షరతులు వెలుగులోకి వచ్చాయి. వాటి ప్రకారం, వినియోగదారుల ప్రైవేట్ విహారానికి సంబంధించిన వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి ఆ సంస్థ అంగీకరించింది. ఎవరూ చూడటం లేదని జనం నమ్మిన చోట అన్ని రికార్డులు పోగుపడి ఉన్నాయన్నమాట!

అంటే ఆ కిటికీ దాచేది లోకం నుంచి కాదు, ఇంట్లోవారి నుంచి మాత్రమే. అపరిచితులందరికీ తెలిసి, మన మేలు కోరే తల్లిదండ్రులకు మాత్రమే తెలియకుండా ఉండే రహస్యం ఏపాటి రహస్యం? పిల్లలతో ఈ మాట కోపంగా కాక, ఒక సాంకేతిక వాస్తవంగా చెప్పి చూడండి. వారు శ్రద్ధగా వింటారు.

ఆ తరువాత చెప్పవలసిన అసలు మాట సూరా లుఖ్మాన్‌లో ఉంది. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి ఉపదేశిస్తూ, ఆవగింజంత వస్తువు ఒక బండరాయిలో దాగి ఉన్నా, ఆకాశాల్లోనో భూమిలోనో ఎక్కడ ఉన్నా అల్లాహ్ దాన్ని వెలికి తెస్తాడని బోధించారు. నమాజును స్థాపించమని చెప్పింది ఆ తరువాతి వాక్యంలో. ఈ వరుసక్రమాన్ని గమనించండి. ఆయన ముందుగా కుమారుని హృదయంలో అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకను నాటారు. ఆజ్ఞలు ఆ వెనుక వచ్చాయి. మనం చాలాసార్లు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తాం. ముందు ఫోను లాక్కుంటాం, తరువాత తఖ్వా గురించి ప్రసంగిస్తాం.

దీని అర్థం తాళాలు అనవసరమని కాదు. చిన్నపిల్లలు వాడే ఫోనులో వెతుకులాటకు ‘సేఫ్ సెర్చ్’, యూట్యూబ్‌కు ‘రెస్ట్రిక్టెడ్ మోడ్’ తప్పక పెట్టాలి. మరొక చిన్న జాగ్రత్త పెద్దవారి ఫోన్లకూ అవసరం. కొన్ని సైటులు తెరవగానే నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడుగుతాయి. చదవకుండా ‘అలౌ’ నొక్కితే ఆ తరువాత అసభ్యకరమైన ప్రకటనలు పిలవకుండానే తెర మీదికి వచ్చి పడవచ్చు. ‘బ్లాక్’ నొక్కడం దాదీకి, నానీకి కూడా నేర్పండి. పాత అనుమతులను బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్లి తొలగించవచ్చు. చూపు దించుకొమ్మన్న ఆదేశం సూరా నూర్‌లో మొదట పురుషులకు, తరువాత స్త్రీలకు వచ్చింది. కనుక ఈ సెట్టింగుల తనిఖీ పిల్లల ఫోనుతో కాక ఇంటి యజమాని ఫోనుతో ఆరంభమైతే అందం.

మాట

బెర్నర్స్-లీ తయారుచేసిన తొలి బ్రౌజర్‌లో పేజీలను చదవటమే కాదు, రాయడం, దిద్దడం కూడా సాధ్యమయ్యేది. తరువాత జనంలోకి వెళ్లిన బ్రౌజర్లు చాలావరకు చదవడానికే పరిమితమయ్యాయి. రాసే హక్కును సామాన్యులకు తిరిగి అందించింది బ్లాగు. 1999 ఆగస్టులో ‘బ్లాగర్’ సేవ మొదలైన తరువాత, కంప్యూటర్ భాషలేవీ రాని వారు కూడా తమ పేజీని తామే ప్రచురించుకోగలిగారు. తెలుగులో ‘లేఖిని’ వంటి పరికరాలు ఇంగ్లిషు కీబోర్డు మీదనే తెలుగు టైపు చేసే వీలు కల్పించాయి. ‘కూడలి’ వంటి సంకలినులు చెల్లాచెదురుగా ఉన్న తెలుగు బ్లాగులను ఒకచోట చూపించాయి.

బ్లాగు ఏం చేయగలదో తెలుసుకోవడానికి ఒక ఇరాకీ సోదరిని తలచుకుంటే చాలు. 2003 ఆగస్టులో బాగ్దాదు నుంచి ‘రివర్‌బెండ్’ అనే కలంపేరుతో ఒక యువతి ‘బాగ్దాద్ బర్నింగ్’ అన్న బ్లాగు ప్రారంభించింది. ఆమె కంప్యూటర్ ప్రోగ్రామర్. యుద్ధం ఆమె ఉద్యోగాన్ని హరించింది. కరెంటు కోతలు, నీటి కొరత, తెల్లవారుజాము దాడులు, అపహరణలు, వీటి మధ్యనే సాగే పండుగలు, వంటలు, చుట్టాల రాకపోకలు ఆమె రాతల్లోని సంగతులు. లోకమంతా సైనికాధికారుల ప్రకటనలు వింటున్న రోజుల్లో, ఒక ముస్లిం ఇంటి లోపలి నుంచి వచ్చిన ఆ గొంతును వేలాది మైళ్ల దూరంలోని పాఠకులు విన్నారు. ఆ రాతలు పుస్తకంగానూ వెలువడ్డాయి. 2007లో ఆమె కుటుంబం ఇల్లు విడిచి సిరియాకు తరలిపోయింది. ఆమె చేతిలో ఉన్నదల్లా ఒక కంప్యూటరు, అప్పుడప్పుడు వచ్చే కరెంటు, నిజం చెప్పాలన్న పట్టుదల.

ఈనాడు మన చేతిలో అంతకన్నా మంచి పరికరాలు ఉన్నాయి. కాని మనం రాయడం మానివేసి ఫార్వర్డ్ చేయడం నేర్చుకున్నాం. ఈ రెంటికీ ఎంతో వ్యత్యాసం ఉంది. బ్లాగుకు ఒక చిరునామా, దాని వెనుక ఒక బాధ్యుడు ఉంటాడు. కలంపేరు పెట్టుకున్నా సరే, పొరపాటు జరిగితే దిద్దే వీలుంది. ఫార్వర్డుకు యజమాని లేడు. అది అబద్ధమని తేలినా వెనక్కి పిలిచేవాడు ఉండడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవారంటూ వాట్సాప్‌లో వ్యాపించిన వదంతుల వల్ల మన దేశంలో అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. 2018 జులైలో ఆ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి విధించడానికి ఆ దారుణాలే కారణం.

యంత్రానికి ఈ పరిమితి 2018లో వచ్చింది. విశ్వాసికి అది ఏనాడో వచ్చింది. వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే నిజానిజాలు విచారించమని సూరా హుజురాత్ ఆదేశిస్తున్నది. తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నది ఆ ఆదేశంలోని వివేకం. విన్నదంతా ఇతరులకు చెబుతూపోవడమే ఒక మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు.

అందువల్ల, ముఖ్యంగా మన సోదరీమణులకు, విద్యార్థులకు ఒక మనవి. రోజుకు పది ఫార్వర్డులు పంపే చేతితో నెలకు ఒక్క సొంత పేజీ రాయండి. మీ ఊరి పాత మస్జిద్ చరిత్ర, మీ నానీ చేతి వంట, మీ బస్తీ పాఠశాల సమస్య, ఏదైనా సరే. మన జీవితం గురించి తెలుగులో ఎవరో రాస్తే చదివి నొచ్చుకోవడం కన్నా మనమే రాయడం మేలు. రాసినదాని ప్రతిని మీ దగ్గర భద్రపరచుకోవడం మాత్రం మరువవద్దు. లక్షలాది సొంత పేజీలకు నెలవైన జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసివేసింది. అద్దె ఇంటిని ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు.

సమయం

ఇక ఇంటింటా కలహాలకు కారణమవుతున్న ఆట సంగతి. “నమాజుకు లేవరా!” అని అమ్మీ పిలుస్తుంది. “ఒక్క నిమిషం అమ్మీ” అని జవాబు. ఆ నిమిషం అరగంట అవుతుంది. పిల్లవాడు మొండివాడైపోయాడని ఇంట్లో అందరూ తీర్మానిస్తారు.

ఆ ఆట లోపల ఏం జరుగుతున్నదో చూడండి. పబ్‌జీ వంటి ఆటల్లో దాదాపు వందమంది ఒకే మైదానంలో దిగుతారు. చివరివరకు మిగిలినవారే విజేతలు. ఒక పందెం ముగియడానికి సుమారు అరగంట పట్టవచ్చు. పాతకాలపు ఆటల్లో ఉన్నట్లు దీన్ని మధ్యలో ఆపి ఉంచే వీలు లేదు. మీ అబ్బాయి లేచిపోతే జట్టులోని ముగ్గురు మిత్రులు నష్టపోతారు. వారికి మాట ఇచ్చి దిగాడు కనుక లేవడం అతనికి ద్రోహంలా తోస్తుంది. కనుక మధ్యలో పిలవడం కన్నా మొదలుపెట్టే ముందు మాట్లాడటం ఫలవంతం. “అసర్ అజాన్‌కు ఇరవై నిమిషాలే ఉంది, ఈ పందెం అప్పటికి ముగుస్తుందా?” అని ముందే అడగండి. ముగియదని అతని నోటనే వస్తుంది. ఐదుపూటల నమాజు వేళలనే ఇంట్లో ఆటకు హద్దులుగా నిర్ణయిస్తే గడియారంతో గొడవపడే పని తగ్గుతుంది.

ఆటలన్నీ ఒక కోవకు చెందినవి కావు. ఘనాలను పేర్చి ఊళ్లు కట్టే మైన్‌క్రాఫ్ట్‌లో పిల్లల ఊహాశక్తికి పని దొరుకుతుంది. సమస్యలు విప్పే ఆటలు ఓర్పు నేర్పుతాయి. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ను చేర్చింది. ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఎక్కువసేపు ఆడే ప్రతివాడూ రోగి అని దాని భావం కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నింటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. చదువు, నిద్ర, స్నేహాలు దెబ్బతింటూ ఈ స్థితి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగితే వైద్యులు దాన్ని వ్యాధిగా పరిగణిస్తారు. అలాంటి బిడ్డకు తిట్లు కాదు, వైద్యుని సలహా అవసరం.

అన్నింటికన్నా ఎక్కువగా హెచ్చరించవలసిన విషయం మరొకటి ఉంది. అనేక ఉచిత ఆటల్లో ‘లూట్ బాక్స్’ అనే పెట్టెలు అమ్ముతారు. డబ్బు చెల్లించేటప్పుడు అందులో ఏముందో తెలియదు. తెరిచాక అరుదైన ఆయుధం రావచ్చు, పనికిరాని రంగుచొక్కా రావచ్చు. రానప్పుడు మరొకటి కొనాలన్న ఆరాటం పుడుతుంది. ఇది జూదం కిందికే వస్తుందని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చింది. సూరా మాయిదాలో మద్యంతోపాటు మైసిర్‌ను, అంటే జూదాన్ని, షైతాను పనిగా అల్లాహ్ పేర్కొన్నాడు. పేకముక్క ముట్టని ఇంట్లో, పన్నెండేళ్ల బిడ్డ అబ్బా యూపీఐ పిన్‌తో ఈ పెట్టెలు తెరుస్తుంటే అది ఆటే కదా అని ఊరుకోగలమా?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. కాని చట్టం మన గదిలోకి వచ్చి కూర్చోదు. పిన్ పిల్లలకు చెప్పకపోవడం, ఫోను అంగడిలో ప్రతి కొనుగోలుకూ అనుమతి అడిగే ఏర్పాటు పెట్టడం మన చేతిలోని పనులు.

ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. పిల్లలకు ఆ రెండూ పుష్కలంగా ఉన్న వయసు ఇది. ఆ వయసును వారి పక్కన కూర్చుని కాపాడాలి. వారానికి ఒకసారి వారి ఆటను వారితోపాటు చూడండి. మీరు చదివే పేజీని వారికి చూపండి. వారు రాసినది అడిగి చదవండి. తలుపు కొట్టి ఫోను లాక్కునే తండ్రిని తప్పించుకునే దారి పిల్లవాడు ఒక్క రోజులో కనిపెడతాడు. పక్కన కూర్చునే తండ్రి నుంచి దాచుకోవాలన్న కోరికే క్రమంగా తగ్గుతుంది.

అల్లాహ్ మన చూపులకు పవిత్రతను, మన మాటలకు సత్యాన్ని, మన కాలానికి శుభాన్ని ప్రసాదించుగాక! మన సంతానాన్ని మన కళ్లకు చలువగా చేయుగాక! ఆమీన్.