దానియేలుకు దొరికిన మూడేళ్లు

యెరూషలేము నుంచి చెరపట్టి తీసుకెళ్లిన యూదా యువకులకు బబులోనులో మొదట ఎదురైన కష్టం సింహాల గుహ కాదు, భాష. అయితే నెబుకద్నెజరంతటి కఠినుడు కూడా వారికొక మేలు చేశాడు. కల్దీయుల విద్య, భాష నేర్చుకోవడానికి మూడేళ్ల గడువిచ్చి, భోజనం పెట్టించి, ఆ తర్వాతే పరీక్షించాడు (దానియేలు 1:4, 5).

ఆపాటి ఓర్పు మనకుందా? మయన్మార్‌లో హింసకు ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు కొన్ని హైదరాబాద్‌లోని బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకుంటున్నాయి. అక్కడి పిల్లలకు ఇంట్లో రోహింగ్యా, వీధిలో ఉర్దూ, బడికెళ్తే తెలుగు, ఇంగ్లీషు. ఇన్ని భాషలైతే పిల్లల బుర్ర పాడవుతుందని, ఇంటి భాష మానిపిస్తే మంచిదని మనలో చాలామంది అనుకుంటాం. కొత్త బడిలో నెలల తరబడి నోరు విప్పని పిల్లను మొద్దు అనేస్తాం. నిజానికి ఆ పిల్ల వింటోంది, మాటలు పోగుచేసుకుంటోంది. రెండు భాషలు కలిపి మాట్లాడడం కూడా లోపం కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలందరూ చేసేదే అది.

తోటివారితో ఆడుకునేంత భాష ఒకటి రెండేళ్లలో వస్తుంది. పాఠం అర్థం చేసుకుని పరీక్ష రాసేంత భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. కెనడాలో వలస పిల్లల చదువును పరిశీలించి జిమ్ కమిన్స్ 1981లో చెప్పిన సంగతి ఇది. గలగలా మాట్లాడే పిల్లకు మార్కులెందుకు రావని విసుక్కునే ముందు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇంటి భాష అడ్డంకి కాదు, పునాది. కారణం చెప్పడం, కథ అల్లడం అమ్మ భాషలో వచ్చిన పిల్ల తెలుగులో మాటలు నేర్చుకుంటే చాలు, ఆలోచించడం మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. పైగా అన్నీ పోగొట్టుకుని వచ్చిన ఇంట్లో తల్లి ఓదార్చగలిగేది ఆ భాషలోనే. అదీ పోతే తల్లీబిడ్డల మధ్య మాటే కరువవుతుంది.

నెహెమ్యా దినాల్లో పిల్లలు సగం అష్డోదు భాష మాట్లాడుతూ యూదుల భాష మరిచారు. ఆయన కోపంతో కొందరిని కొట్టాడు కూడా (నెహెమ్యా 13:24, 25). ఆ భాగంపై మేము ఎన్నోసార్లు ప్రసంగించాం, ప్రతిసారీ వివాహాల గురించే. మధ్యలో నిలబడిన ఆ పిల్లలను చూడలేదు. దానియేలు మార్గం వేరు. బబులోను భాష నేర్చాడు, తన ప్రార్థన మానలేదు. ఆయన పేరిట ఉన్న గ్రంథం కూడా కొంత హెబ్రీలో, కొంత అరామిక్‌లో ఉంది. ఒకటి నేర్వడానికి మరొకటి విడిచిపెట్టనక్కర్లేదు.

ఆ కుటుంబాలు మన సంఘస్థులు కారు, ముస్లింలు. మంచి సమరయుడు గాయపడినవాణ్ని మతం అడగలేదు. మనమూ మతం మార్చే ఆలోచనతో కాక పొరుగువారిగా వెళ్దాం. సాయంత్రం ఒక గంట తెలుగు చదివిద్దాం. ఇంట్లో మీ భాషే మాట్లాడండని తల్లిదండ్రులకు ధైర్యం చెబుదాం. ఆస్పత్రిలో తల్లి జబ్బును డాక్టరుకు వివరించే భారం పదేళ్ల పిల్ల మీద పడకుండా ఉర్దూ తెలిసిన పెద్దవారు తోడు వెళ్దాం.

మన ప్రభువు కూడా పసితనంలో ప్రాణభయంతో పరాయి దేశానికి చేరిన బిడ్డే. చెరపట్టిన రాజు మూడేళ్లు ఆగాడు. ఆ ప్రభువును ఆరాధించే మనం ఇంకొంచెం ఆగలేమా?