ఎర్రమంజిలా? ఇరమ్ మంజిలా?

ఎర్రమంజిల్ అంటే నగరానికి ఇప్పుడొక మెట్రో స్టేషన్. ఆ పేరు అసలు ఒక హవేలీది. నిజాం సర్కారులో మంత్రిగా చేసిన నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టుకున్న ఇల్లది. (ఆయనదే మరో మేడ అసద్ బాగ్‌లో నిజాం కాలేజీ నడిచింది. అక్కడ చదివిన ఎంతమందికి ఈ సంగతి తెలుసు?) ఆ గుట్టను తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనేవాళ్లనీ, దానికి దగ్గరగా పలికే పేరు కోసం నవాబు ఇరమ్‌ను ఎంచుకున్నాడనీ చెప్తారు. ఇరమ్ ఫారసీ కవుల స్వర్గవనం. మా ఇళ్లల్లో రెండూ చెల్లుతాయి. ఏదో ఒకటి తేల్చుకొమ్మని మమ్మల్ని నిలదీయొద్దు.

'మీ నవాబులు' అంటారు మమ్మల్ని చూసి. ఏ నవాబులు? మావాళ్లు ఆ మేడల్లో డంగు సున్నం నూరారు, గుర్రాలకు మాలిష్ చేశారు, దేగ్చాలు తోమారు. పంక్చర్లు వేసేవాడికీ పండ్ల బండి తోసేవాడికీ నవాబుల వారసత్వం అంటగడతారు. పాపంలో మాత్రం వాటా ఇచ్చారు, ఆస్తిలో అంగుళం రాలేదు.

అయినా ఆ గోడ కూలుతుందంటే మాకు నొప్పి పుట్టింది. నవాబు మీద ప్రేమతో కాదు. అది మా కూలి.

ఆ హవేలీ తర్వాత సర్కారు ఆఫీసైంది, రోడ్లు భవనాల శాఖ ఫైళ్లతో నిండింది. వారసత్వ కట్టడాలను కాపాడే 13వ నిబంధనను 2015లోనే తీసేశారు. 2019 జూన్ 18న దాని స్థానంలో కొత్త అసెంబ్లీ కట్టాలని కేబినెట్ తీర్మానించింది, 27న శంకుస్థాపన కూడా అయిపోయింది. చేసింది ఎవరు? వేదికలెక్కి నిజాంను పొగిడిన ముఖ్యమంత్రే! ఓట్లకు నిజాం కావాలి, ఆనాటి ఇటుక వద్దు. గంగా జమునా తహజీబ్ అని ఉపన్యాసాలిచ్చిన నోళ్లు ఆ మూడు నెలలు ఎక్కడున్నాయి?

నవాబు వారసులూ నగర చరిత్రను ప్రేమించేవాళ్లూ కోర్టుకెక్కారు. ఆ భవనానికి చట్టరక్షణ ఇంకా ఉందంటూ సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది.

గోడ నిలబడింది సరే. రేపు అక్కడ బోర్డంటూ పెడితే తెలుగులోనూ ఉర్దూలోనూ పెట్టండి. ఎర్ర అనీ రాయండి, ఇరమ్ అనీ రాయండి. నవాబు పేరు కింద సున్నం నూరినవాళ్ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయేమో పాత కాగితాలు తిరగేయండి. ఉర్దూ చదవగలిగినవాళ్లం మేం వస్తాం.