పాతగుడ్డకు విలువ తెచ్చేది ఎవరి శ్రమ?

లోకోషెడ్డులో పనిచేసిన ప్రతి కార్మికునికి కాటన్ వేస్టు తెలుసు. మిల్లులో మిగిలిన నూలుపోగుల ముద్ద అది. దానితో ఇంజనుకు అంటిన చమురు తుడుస్తాము, చేతులు తుడుచుకొని పారవేస్తాము. అదే కార్మికుని క్వార్టరులో అతని తల్లి చిరిగిన చీరలను, పాత పంచెలను పొరలు పొరలుగా పరచి బొంత కుట్టేది. షెడ్డులో చెత్తకుప్పకు చేరేది ఇంటిలో బిడ్డకు చలి కాచేది. పాతగుడ్డను కొత్త వస్తువుగా మలచడం నగరాలలో నేడు గొప్ప వ్యాపారమైనది. ఆ సంచులను, దిండుగలీబులను, బొంతలను మంచి ధర పెట్టి కొనేవారు ఏర్పడినారు. ఈ విద్య మన ఇండ్లలో తరతరాలుగా ఉన్నదే. అయితే దీనివలన వచ్చే లాభం ఎవరికి చెందుతున్నదన్నదే మన ముందున్న ప్రశ్న.

బిలాస్‌పూర్ రైలుమార్గం వలన పెరిగిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్ నుండి అసన్సోల్ వరకు దారి వేసినది. ఆ రైల్వే కొలువులకై శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చి ఇక్కడ స్థిరపడినవి. కళాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడు ఈ కాలనీలలో ఉన్నారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది ప్రధాన కేంద్రమైనది. పట్టణం పెరిగినది గాని, శాశ్వత ఉద్యోగాలు ఆ మేరకు పెరుగలేదు. శుభ్రత, లాండ్రీ, సామాను మోత వంటి పనులు కాంట్రాక్టర్ల పరమైనవి. తండ్రికి పెన్షను ఉన్న ఇంటిలోనే కుమారుడు కాంట్రాక్టు కూలి, కోడలు ఇంటిలో మిషను కుట్టి చిల్లర సంపాదించే మనిషి. ఈ కోడలి గురించే నేను వ్రాయదలచినది.

బుధవారీ బజారు వైపు నివసించే ఒక సోదరి గత సంవత్సరం నాకు తన లెక్క చెప్పినది. దర్జీల కత్తిరింపు ముక్కలతో ఆమె సంచులు కుడుతున్నది. ముక్కలు వర్తకుడివి, మిషను ఆమెది, దారమూ ఆమెదే. సంచికి అతడిచ్చేది 30 రూపాయలు. దారానికి, సూదులకు, కరెంటుకు 10 రూపాయలు పోగా 20 మిగులుతున్నవి. ఒక్కొక్క సంచికి రెండు గంటలు పడుతున్నది. అనగా గంటకు 10 రూపాయలు! కుట్టు వంకరపోతే ఆ సంచికి పైకము లేదు. ఇటువంటి పనిని స్వయం ఉపాధి అని పొగిడేవారు ఈ లెక్కను ఒకసారి చూడవలెను. యజమాని పేరు లేనంత మాత్రాన దోపిడి లేకుండా పోదు.

ఇది యూనియను పని కాదని, కార్మికోద్యమం చిల్లర వ్యాపారంలోకి దిగరాదని మనలో కొందరు వాదిస్తున్నారు. వారికి అహమ్మదాబాదు అనుభవమే సమాధానం. 1972లో ఇలాబెన్ భట్ నాయకత్వాన స్వయం ఉపాధి మహిళల సంఘం, అనగా సేవా, రిజిస్ట్రేషనుకు వెళ్ళినప్పుడు కార్మికశాఖ అడిగిన ప్రశ్న ఒక్కటే: యజమాని లేనప్పుడు యూనియను ఎవరిమీద పోరాడుతుంది? యూనియను పుట్టేది యజమానికి ఎదురు నిలవడానికే కాదు, కార్మికులను ఏకం చేయడానికి కూడా అని ఆ మహిళలు వాదించి గెలిచినారు. తరువాత 1970ల చివర, మిల్లుల నుండి వచ్చే చింది, అనగా కత్తిరింపు పీలికలతో బొంతగలీబులు కుట్టే స్త్రీలు కూలి పెంచమని అడిగినారు. వర్తకులు అడిగినవారికి పని ఆపివేసినారు. అప్పుడా స్త్రీలు తమ సొంత సహకార సంఘాన్ని నిర్మించుకొని, ముడిసరుకు నేరుగా తమకే అమ్మవలెనని పట్టుబట్టినారు. సూది తమ చేతిలో ఉన్నా పీలిక వర్తకుని చేతిలో ఉన్నంత కాలం కూలి పెరుగదని వారు గ్రహించినారు. మనకు కావలసిన పాఠం అదే.

ఇక బిలాస్‌పూర్‌లో ముడిసరుకు ఎక్కడున్నది? మొదటిది దర్జీల దుకాణాలలో. రెండవది చాంపా కోసా మగ్గాల చుట్టూ. అర్జున, సాజా చెట్లమీద పెరిగే పురుగుల గూళ్ళ నుండి తీసే ఆ పట్టులో చిన్న ముక్క కూడా పారవేయదగినది కాదు. మూడవది మన రైల్వేలోనే ఉన్నది. ఏసీ బోగీలలో ప్రయాణికులకిచ్చే దుప్పట్లు, గలీబులు, తువాళ్ళు నిర్ణీత కాలం తీరగానే కండెం చేయబడుతున్నవి. రైల్వే తుక్కు వేలములో పెద్ద పెద్ద లాట్లుగా అమ్ముడుపోతున్నది. పదిమంది స్త్రీలు చందాలు వేసుకొని ఆ లాటును కొనగలరా? కొనలేరు. పెద్ద వర్తకుడు కొని, వారికే తిరిగి ముక్కలుగా అమ్ముతాడు.

సరుకు దొరికిన తరువాత పని తీరు కూడా శాస్త్రీయంగా ఉండవలెను. నూలు, పట్టు, పాలిస్టరు వేరుచేయకుండా కుట్టిన వస్తువు మొదటి ఉతుకుతోనే ముడుచుకుపోతుంది. అంచు నుండి ఒక పోగు తీసి కాల్చి చూడవచ్చును. నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసవలె మిగులుతుంది. గుడ్డను కత్తిరించే ముందే ఉతికి ఆరవేయవలెను. వాడిన దుప్పటిలో నడిమి భాగం పలుచబడి ఉంటుంది కనుక, అంచుల వైపు గుడ్డను సంచులకు, నడిమి గుడ్డను బొంత లోపలి పొరకు వాడుకొనవలెను.

ధర కట్టడంలో మొదట వ్రాయవలసినది శ్రమ. ఉదాహరణకు ఒక సంచికి రెండు గంటల పని, గంటకు 50 రూపాయలనుకొందాము. అది 100. దారం, జిప్పు, అస్తరు 25. ఉతుకు, కరెంటు, మిషను అరుగుదల 10. చెడిపోయిన, అమ్ముడుపోని సరుకు కింద 15. వెరసి 150 రూపాయలు. పీలికలు ఊరికే దొరికినవని శ్రమను కూడా ఊరికే ఇవ్వరాదు. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనాన్ని ఎనిమిది గంటలకు పంచి, అంతకు తక్కువకు సూది పట్టరాదని సంఘం తీర్మానించుకొనవలెను.

ప్రభుత్వ పథకాలు లేవా అంటే ఉన్నవి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులలో దర్జీపని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల రుణం లభిస్తుంది. కాని ప్రభుత్వ ఉద్యోగి కుటుంబ సభ్యులు దీనికి అనర్హులు. కనుక రైల్వే ఉద్యోగి భార్యకు ఈ తలుపు మూసివేయబడినది. కాంట్రాక్టు కార్మికుని భార్యకు తెరిచే ఉన్నది గాని, దరఖాస్తు పెట్టించి తోడు నిలిచేవారు లేరు. పైగా రుణం ఒంటరి మనిషిని వర్తకునికి ఎదురుగా నిలబెట్టలేదు. ఇంటి వద్ద పనిచేసేవారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించినది. భారత ప్రభుత్వం దానిని ఇంకా ధ్రువీకరించలేదు.

కనుక మనం చేయవలసిన పనులు స్పష్టంగా ఉన్నవి. కండెం అయిన గుడ్డలో కొంత భాగాన్ని చిన్న లాట్లుగా, నిర్ణీత ధరకు మహిళా సహకార సంఘాలకే ఇవ్వవలెనని రైల్వే యాజమాన్యాన్ని కోరవలెను. స్టాఫ్ బెనిఫిట్ ఫండు కమిటీలలో యూనియను ప్రతినిధులున్నారు. ఆ నిధితో నడిచే కుట్టు కేంద్రాలు సర్టిఫికెట్లు ఇవ్వడంతో ఆగిపోక, ఉత్పత్తి కేంద్రాలుగా మారేటట్లు వారు చూడవలెను. 2022లో మొదలైన ‘ఒక స్టేషను, ఒక ఉత్పత్తి’ పథకం కింద ఇచ్చే దుకాణాలలో ఈ స్త్రీల వంతు కోసం అడగవలెను. ఉద్యోగుల భార్యలను, కాంట్రాక్టు కార్మికుల భార్యలను వేరు చేయక ఒకే సంఘంలో చేర్చవలెను. లెక్కల పుస్తకం నెలనెలా సభ్యులందరి ముందు తెరవవలెను. ఇది చేయకపోతే సహకార సంఘం మరొక దళారి అవుతుంది.

సోదర కార్మికులారా! 1974 మే నెలలో ఇరవై రోజుల సమ్మె జరిగినప్పుడు జీతాలు రాని ఇండ్లలో పొయ్యి ఆరకుండా చూసినది స్త్రీలే. వారు నాడు మన పోరాటాన్ని తమదిగా భావించినారు. నేడు వారి సూదికి న్యాయమైన కూలి రావలెనన్న పోరాటాన్ని మనదిగా భావించడం మన విధి. వచ్చే బ్రాంచి సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని చేర్చండి. మీ ఇంటి నుండే ఒక సోదరిని మాట్లాడటానికి పిలవండి. ఆమె తన లెక్క చెప్పినప్పుడు, ఇది యూనియను పని కాదని ఎవరూ అనలేరు.