చలికి ఓకే... వాన పడితేనే కష్టం!

ఆఫీసులో ఏసీ 20 మీద పెడితేనే హుడీ వెతుక్కునే బ్యాచ్ మాది. ఆర్కిటిక్ నక్క మాత్రం మైనస్ 40 డిగ్రీల్లో కూడా వణకదట! ఒంట్లో స్పెషల్ హీటర్ ఏమైనా ఉందా? అదేం లేదు. పుట్టిన వేడిని బయటికి పోనివ్వకపోవడమే దాని కిటుకు.

మన ఫ్లాస్క్ లాగే అన్నమాట. ఫ్లాస్క్ టీని కాచదు కదా, ఉన్న వేడిని కాపాడుతుందంతే. నక్క బొచ్చులో వెంట్రుకల మధ్య గాలి ఇరుక్కుపోతుంది. కదలని గాలిలోంచి వేడి అంత త్వరగా బయటికి పోదు. రెయిన్‌డీర్ ఇంకో అడుగు ముందుంది. దాని వెంట్రుకల లోపల కూడా గాలి నిండి ఉంటుంది. పోలార్ బేర్‌కైతే చర్మం కింద కొన్నిచోట్ల 10 సెంటీమీటర్ల మందాన కొవ్వు పేరుకుంటుంది.

మరి రోజంతా మంచులో నడిచే కాళ్ల సంగతేంటి? నాకు బాగా నచ్చిన డిజైన్ ఇక్కడే ఉంది. కాళ్లలోకి వేడి రక్తం తెచ్చే నాళాలు, చల్లబడిన రక్తాన్ని పైకి తీసుకెళ్లే నాళాలు పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి ఇచ్చేస్తుంది. పాదం గడ్డకట్టకుండా ఉండేంత వేడి కిందికి చేరుతుంది, మిగతాది మళ్లీ ఒంట్లోకే వెళ్లిపోతుంది. ఇంజినీరింగ్‌లో హీట్ ఎక్స్ఛేంజర్ అంటారే, అచ్చం అదే! రెయిన్‌డీర్ ముక్కులోనూ ఇలాంటి ఏర్పాటే. బయటికి వదిలే ఊపిరిలోని వేడిని కూడా చాలావరకు వెనక్కి లాగేసుకుంటుంది.

ఎంత పొదుపు చేసినా లోపల పొయ్యి వెలగాలంటే తిండి కావాలిగా. చలికాలంలో రెయిన్‌డీర్‌కి ముఖ్యమైన తిండి లైకెన్. అది మంచు కింద ఉంటుంది. మెత్తటి మంచైతే గిట్టలతో తవ్వుకుని తినేస్తుంది.

2013 నవంబర్‌లో రష్యాలోని యమల్ ద్వీపకల్పంలో ఆ మంచు మీద వాన పడింది. తర్వాత చలి పెరిగి, పైనంతా గట్టి ఐసు పొరలా బిగుసుకుపోయింది. గిట్టలకి అది పగల్లేదు. దాదాపు 61 వేల రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. వాటినే నమ్ముకుని బతికే నెనెట్స్ కుటుంబాల్లో కొందరు మందలకి మందలే పోగొట్టుకున్నారు. పక్కనున్న బారెంట్స్, కారా సముద్రాల మీద ఐసు తగ్గిపోవడానికీ, ఇలాంటి వానలకీ లింక్ ఉందంటున్నారు శాస్త్రవేత్తలు. ఐసు లేని సముద్రం గాలిలోకి ఎక్కువ తేమని వదులుతుంది మరి.

'ఆర్కిటిక్ వేడెక్కుతోంది' అనే హెడ్‌లైన్ చూసి, పోనీలే వాటికి చలి తగ్గుతుంది అనుకునేవాళ్లు ఉంటారు. ఈసారి అలాంటి వార్త కనిపిస్తే స్క్రోల్ చేసేముందు ఒక్క క్షణం ఆగండి. ఒంటి మీద అంత మంచి కోటు ఉండి కూడా, కాళ్ల కిందున్న తిండి అందక ఐసుని తవ్వుతున్న రెయిన్‌డీర్‌ని ఒకసారి ఊహించుకోండి.