ఫ్యాన్ మార్చినంత మాత్రాన సీటు చల్లబడదు

2024 ఏప్రిల్ 30న పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండాలో 47.2 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికంటే ఇది 10.4 డిగ్రీలు ఎక్కువ. కలైకుండా వైమానిక స్థావరానికి పక్కనే ఉంది ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. అలాంటి ఎండల్లో, వెంటిలేటెడ్ సీట్ల కోసం అదనంగా డబ్బు పోసి కారు కొన్నవారి ఫిర్యాదు ఒకటే: బటన్ చివరి మెట్టు మీద పెట్టినా వీపు తడుస్తూనే ఉంది. ఆ వెంటనే వచ్చే ఆలోచన కూడా అంతే సహజం. సీటులో ఉన్న ఆ బుల్లి ఫ్యాన్ పీకేసి, దాని చోట గట్టిది పెడితే పోలా?

ఖరగ్‌పూర్‌లో ఇలాంటి ఆలోచన పుట్టడంలో వింత లేదు. వందేళ్లు దాటిన రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరు అది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడికి వలస వెళ్లి, తరాల తరబడి రైల్వే కొలువుల్లో స్థిరపడ్డాయి. చెడిపోయినదాన్ని పారేసే ముందు ఒకసారి విప్పి చూడటం అలాంటి ఊళ్లో అలవాటు. మంచి అలవాటే. ఈ ఒక్క పనిలో మాత్రం స్క్రూడ్రైవర్ తప్పు చోట పడుతోంది.

పొరపాటు పేరు దగ్గరే మొదలవుతుంది. జనం వీటిని కూల్డ్ సీట్లు అంటారు కానీ, మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావరకు ఉన్నవి గాలి ఆడే సీట్లు మాత్రమే. కూర్చునే దిండులో, వీపు ఆనే భాగంలో చిన్న బ్లోయర్లు ఉంటాయి. అవి కారు లోపలి గాలినే తీసుకుని, ఫోమ్‌లో చెక్కిన కాలువల గుండా, పైతొడుగుకున్న సన్నని రంధ్రాల్లోంచి పంపుతాయి. కొన్ని నమూనాల్లో దీనికి తిరకాసు, అంటే గాలిని ఒంటి దగ్గర నుంచి లోపలికి పీలుస్తాయి. 1997లో వచ్చిన సాబ్ 9-5 కారులోవి ఈ పీల్చే రకమే. నిజంగా గాలిని చల్లబరిచే సీట్లు వేరు. విద్యుత్తు పారినప్పుడు ఒక ముఖం చల్లబడి మరో ముఖం వేడెక్కే పెల్టియర్ పలకను వాటిలో వాడతారు. అమెరికాలో 2000 మోడల్ లింకన్ నావిగేటర్‌తో అవి మార్కెట్లోకి వచ్చాయి. భారత్‌లో 2017 నాటి హ్యుందాయ్ వెర్నా ముందు సీట్లకు తెచ్చింది మొదటి రకాన్ని, గాలి ఆడేదాన్ని. ఆ తర్వాత అది చాలా కార్లకు పాకింది.

కాబట్టి సీటు చేసే పని చెమటను ఆరబెట్టడం. చల్లదనమంతా అందులోనే ఉంది. చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరైతే శరీరం నుంచి దాదాపు 2,430 జౌళ్ల వేడి పోతుంది. గంటకు 100 గ్రాములు ఆవిరైతే అది సుమారు 67 వాట్ల చల్లదనంతో సమానం. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు విడుదల చేసే వేడి దాదాపు 100 వాట్లు కనుక, ఇది చిన్న సహాయమేమీ కాదు.

అయితే చెమట ఎంత త్వరగా ఆరుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి గాలి వేగం, రెండోది ఆ గాలి ఎంత పొడిగా ఉందన్నది. ఫ్యాన్ మార్చాలనుకునేవారు మొదటిదాన్నే చూస్తారు. లెక్క వేస్తే రెండోదే బరువైనదని తేలుతుంది. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్స్. జులైలో 32 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్న గాలిలో అది 3.8. తేడా 1.8 మాత్రమే. ఏసీ నడిచి 25 డిగ్రీలకు, 50 శాతం తేమకు చేరిన కారులో గాలిది 1.6. తేడా 4కు చేరింది. చెమటను లాగే బలం రెండు రెట్లకు పైగా పెరిగింది, సీటు ఫ్యాన్‌ను ముట్టుకోకుండానే.

అదే ఫలితం ఫ్యాన్‌తో సాధించాలంటే? గాలి వేగాన్ని రెట్టింపు చేస్తే తడి ఆరే వేగం రెట్టింపు కాదు. అది గాలి వేగపు వర్గమూలానికి దగ్గరగా పెరుగుతుంది కనుక దాదాపు 1.4 రెట్లు అవుతుంది. మధ్యలో ఉన్న చొక్కా, ప్యాంటు గుడ్డ ఫ్యాన్ మాట వినవు కాబట్టి నిజంగా దక్కేది అంతకంటే తక్కువే. మరోవైపు, అదే ఇరుకు దారిలో రెట్టింపు గాలి తోయడానికి కావలసిన శక్తి నాలుగు నుంచి ఎనిమిది రెట్లు. ఫోమ్‌లాంటి సన్న సందుల్లో కింది అంకెకు, మలుపులున్న గొట్టాల్లో పై అంకెకు దగ్గరగా ఉంటుంది. పాత బ్లోయర్ అర ఆంపియర్ తీసుకుంటోందనుకుంటే, కొత్తది 2 నుంచి 4 ఆంపియర్లు అడుగుతుంది. సీటు కింద వైరు, ఫ్యూజు, నియంత్రణ పలక ఆ అర ఆంపియర్‌ను దృష్టిలో పెట్టుకుని వేసినవి. అదే ఫ్యాన్‌ను రెట్టింపు వేగంతో తిప్పితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుందని కూడా ఫ్యాన్ల సూత్రాలు చెబుతాయి. చెవి పక్కనే, వీపు వెనకాల.

రైల్వే ఊరివాళ్లకు ఒక సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రైలు పెట్టెలోని ఫ్యాన్ 110 వోల్టుల డీసీ మీద తిరుగుతుంది, ఇంటికి తెచ్చి ప్లగ్గులో పెడితే పనికిరాదు. కారు సీటు ఫ్యాన్ విషయంలో 12 వోల్టులు కలిస్తే చాలని అనుకోవడం అక్కడే బోల్తా కొడుతుంది. చాలా బ్లోయర్లకు రెండు వైర్లు కాదు, మూడో నాలుగో ఉంటాయి. కరెంటుకు రెండు పోను, మిగతావి వేగాన్ని ఆదేశించడానికి, ఎంత వేగంతో తిరుగుతోందో తిరిగి చెప్పడానికి. ఎదురుచూసిన జవాబు రాకపోతే కంట్రోలర్ దాన్ని లోపంగా లెక్కగట్టి ఆపేయవచ్చు. పెట్టె మీద రాసిన గాలి పరిమాణం చూసి కొనడం మరో మోసం. ఆ అంకె ఎదురు ఏ అడ్డూ లేనప్పటిది. 70 కిలోల మనిషి కూర్చుని ఫోమ్‌ను నొక్కిన తర్వాత ముఖ్యమయ్యేది ఒత్తిడితో తోయగల శక్తి. కంప్యూటర్ డబ్బాలో గలగలా తిరిగే పలుచని ఫ్యాన్ ఇక్కడ చేతులెత్తేస్తుంది.

ఇవన్నీ డబ్బు దండగ వరకే. అసలు భయం మరొకటి. పక్క ఎయిర్‌బ్యాగులున్న చాలా కార్లలో అవి వీపు ఆనే భాగం అంచులోనే దాగి ఉంటాయి. పక్క నుంచి గుద్దుకున్నప్పుడు కొన్ని మిల్లీ సెకన్లలో అది ఉబ్బి బయటికి రావాలి. అందుకోసం ఆ వైపు కుట్టును చిరిగేలా ప్రత్యేకంగా వేస్తారు. బ్లోయర్ కోసం సీటు తొడుగు విప్పి, తిరిగి మామూలు దారంతో గట్టిగా కుట్టిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఈ వ్యవస్థవే. బ్యాటరీ తీయకుండా వాటిని ఊడదీస్తే, లేదా ఊడదీసి ఉండగా కారు ఆన్ చేస్తే, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి అలాగే ఉండిపోవచ్చు. ఆ దీపం వెలుగుతున్నంతకాలం, అవసరమైన క్షణంలో బ్యాగు తెరుచుకుంటుందని నమ్మడానికి లేదు. వీపుకు కాసింత గాలి కోసం ఈ బేరం ఎవరికీ గిట్టదు.

మరి తడిసే వీపు సంగతి? ముందు సీటు కవరు తీసి చూడాలి. కొత్త కారు కొన్న వారంలోనే రెగ్జిన్ కవరు తొడిగించడం మనవాళ్లకు ఆచారం. గాలి రావాల్సిన రంధ్రాలన్నీ దాని కింద సమాధి అవుతాయి. పక్క ఎయిర్‌బ్యాగుకు కూడా అదే అడ్డు. తర్వాత సీటు కింద బ్లోయర్ నోటి దగ్గర పేరుకున్న దుమ్ము, మ్యాట్ పీచు, పిల్లలు పారేసిన చాక్లెట్ కాగితాలు తీసేయాలి. ఇక అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది మొదటి పది నిమిషాలు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు చేరడం అసాధారణం కాదు. తలుపు తీసీ తీయగానే సీటు ఫ్యాన్ వేస్తే అది ఒంటికి చేర్చేది ఆ వేడి గాలినే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి శరీరాన్ని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించేది ఇందుకే. ముందు అద్దాలు దించి వేడిని వదిలించి, ఏసీ వేసి, లోపల చల్లబడ్డాక సీటు ఫ్యాన్ బటన్ నొక్కాలి. ఈ వరుస మారితే, ఎంత పెద్ద బ్లోయర్ పెడితే అంత ఎక్కువ వేడి.

ఫ్యాన్ నిజంగా చచ్చిపోతే మాత్రం మార్చాల్సిందే. అక్కడ ఇంట్లో పనివాడితనానికి చోటుంది, అదే భాగం సంఖ్య ఉన్న బ్లోయర్ దొరికితే, బ్యాటరీ తీసి సర్వీసు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగే ఓపిక ఉంటే, తొడుగు కుట్టు విప్పక్కర్లేని చోట అది ఉంటే. చిక్కు ఏమిటంటే ఈ మూడూ కొన్నవాడి చేతిలో లేవు. బ్లోయర్ విడిగా అమ్ముతారా, సీటు మొత్తం కొనమంటారా, విప్పే క్రమాన్ని ఎవరికి చూపిస్తారు అన్నది కంపెనీ ఇష్టం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసినప్పుడు ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. సీటు బ్లోయర్‌లాంటి చిన్న భాగాలకు విడి ధర, వైరింగ్ పటం, ఎయిర్‌బ్యాగ్ జాగ్రత్తలు బాహాటంగా అందుబాటులో ఉంటే, బజారులో దొరికిన ఏదో ఫ్యాన్‌ను టేపు చుట్టి బిగించే అవసరం చాలామందికి రాదు. కొనేవారు కూడా ఒక అంకె అడగాలి: మనిషి కూర్చున్నాక ఈ సీటు నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది? బ్రోచర్లలో సీటు కుట్టు రంగు ఉంటుంది, ఈ అంకె సాధారణంగా కనిపించదు.

ఈలోగా, ఏ బటనూ లేని కారులో రోజంతా తిరిగే టాక్సీ డ్రైవర్లు చెక్క పూసల తొడుగు వేసుకుని కూర్చుంటున్నారు. వీపుకూ సీటుకూ మధ్య వేలెడు సందు ఉండేలా చూస్తుంది అది. గాలికి దారి దొరికితే చెమట తన పని తాను చేసుకుంటుంది.