ఆపుటయు చికిత్సయే

వైద్యుడు రోగియొద్ద గడపు కాలము నిమిషములతో ముగియును. ఫిజియోథెరపిస్టు గడపు కాలము గంటలకు, వారములకు సాగును. నడుము పట్టినదనియో, భుజము లేవకున్నదనియో, మోకాలి చిప్పలు మార్పించుకొన్న పిమ్మట కాలు వంగుట లేదనియో వచ్చిన మనిషిని దినము విడిచి దినము చూచుచు, కండరమును చేత తాకి దాని బిగువును తెలిసికొనుచు, చొక్కా విడుచుటలో ఆతడు పడు ప్రయాసను సయితము కనిపెట్టుచు, కరెంటు పెట్టిన పావుగంటలో ఇంటి సంగతులన్నియు చెవిని వేసికొనుచుండు ఈ వృత్తివారికి గల సామీప్యము మన వైద్యవ్యవస్థలో మరి యెవరికిని లేదు. కావున కీళ్ళనొప్పి ముసుగులో వేరొక మహావ్యాధి దాగియున్నచో మొట్టమొదట శంకింపవలసినవారును వీరే. శంక కలిగిన క్షణమున చేయుచున్న చికిత్సను నిలిపి, రోగిని తగిన వైద్యునియొద్దకు పంపగలుగుటయే ఆ విద్యకు పరాకాష్ఠ యని నా నిశ్చితాభిప్రాయము.

2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరునకు ముందు ‘డాక్టర్’ అని వ్రాసికొనవచ్చునా కూడదా యను వివాదము దేశమంతట చెలరేగినది. కేంద్ర ఆరోగ్యసేవల డైరెక్టరేటు కూడదని లేఖ వ్రాయుటయు, అంతలోనే దానిని ఉపసంహరించుకొనుటయు పత్రికలలో చదివితిమి. ఆ రెండక్షరముల బిరుదు ఎవరికి చెల్లునో పెద్దలు తేల్చుకొందురు గాక. 2021 నాటి చట్టము ఈ వృత్తిని గుర్తించి గౌరవించినది. వైద్యుని చీటీ లేకయే రోగులు నేరుగ వచ్చుచుండుట మన పట్టణములలో నిత్యకృత్యమైనది. మొదట చూచు అధికారము ఎవరిదో మొదట అనుమానించు భారమును వారిదే. వివాదములో ఈ మాట నెవ్వరును గట్టిగా అనకపోవుట నాకు వింతగా తోచినది.

నడుమునొప్పితో వచ్చువారిలో ప్రమాదకరమైన కారణము గలవారు నూటికి ఒకరిద్దరికి మించరు. మిగిలినవారు వ్యాయామముతోను, కాలముతోను కోలుకొందురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది: కోలుకొను వారిని చూచి చూచి అలవాటుపడిన కన్ను కోలుకొనని యొక్కనిని గూడ ఆ వరుసలోనే చేర్చి, ‘ఇంకొక అయిదు సిట్టింగులు చూతము’ అనును. కండరమునకో కీలునకో సంబంధించిన నొప్పి సాధారణముగ కదలికను, భంగిమను అనుసరించి హెచ్చుచు తగ్గుచుండును. ఒక ప్రక్కకు తిరిగి పండుకొన్న ఉపశమించును. ఎట్లు పండుకొన్నను తగ్గక నడిరాత్రి నిద్రలేపు నొప్పి, దానితోపాటు కారణము లేకుండ బరువు తగ్గుట, సాయంకాలపు జ్వరము, పూర్వమెప్పుడో క్యాన్సరుకు చికిత్స పొందియుండుట, దీర్ఘకాలము స్టెరాయిడ్ మాత్రలు మ్రింగియుండుట - ఇవి వినబడినచో చేతిలోని యంత్రమును ప్రక్కన పెట్టవలసినదే.

మన దేశమునకు ప్రత్యేకముగ చెప్పవలసినది వెన్నెముక క్షయ. లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లో దీనిని వర్ణించినాడు; నేటికిని వైద్యులు ఆతని పేరుతోనే పిలుచుచున్నారు. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశమునందే యున్నారు గనుక, ఈ జబ్బు మనకు పాఠ్యపుస్తకములోని విడ్డూరము కాదు. దగ్గు ఉండవలెనను నియమము లేదు. కొందరికి జ్వరమును తెలియదు. నెలల తరబడి ఒకేచోట నడుమునొప్పి, ఆకలి మందగించుట, వెన్నులో ఒక పూస పైకుబికినట్లు చేతికి తగులుట, తుదకు కాళ్ళు తేలిపోవుట - ఇట్లు మెల్లమెల్లగా ముదురును. ఎముక చాలవరకు క్షీణించిన గాని సామాన్యమైన ఎక్స్-రేలో మార్పు కనబడకపోవచ్చును గనుక ‘ఎక్స్-రే బాగున్నది’ అను మాటతో తృప్తిపడరాదు. అట్టి వెన్నును పట్టి లాగుట, విరుచుట యెంత ప్రమాదమో వేరుగ చెప్పవలెనా? సకాలమున గుర్తించినచో అధికభాగము మందులతోనే నయమగును. ఆ మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ లభించును. ఆలస్యమైనచో అదే మనిషి చక్రాల కుర్చీకి పరిమితమగును.

మరియొక ఆపద గంటలలో ముంచునది. వెన్నుపాము చివర గుత్తివలె వ్రేలాడు నాడులను జారిన డిస్కు పూర్తిగా నొక్కివేసినపుడు రెండు కాళ్ళలోను నొప్పి దిగును. పీటమీద కూర్చున్నప్పుడు తగులుచోట స్పర్శ మొద్దుబారును. మూత్రము వచ్చుచున్నదో లేదో తెలియకుండపోవును. సాధారణముగ 48 గంటలలోపల శస్త్రచికిత్స జరుగవలెనని వైద్యులందురు. ఎంత ముందు జరిగిన అంత మేలు. కాని ఈ లక్షణములను మనవారు నోరు విప్పి చెప్పరు. నడివయస్సు గృహిణి తన కుమారుని యీడు యువకునితో మూత్రవిషయము మాటాడునా? ఆ యువకుడు అడుగునా? ఇరువైపుల సిగ్గు నడుమ కాలము జారిపోవును. ఆమెకు జీవితాంతము మూత్రపు గొట్టము తప్పకపోవచ్చును. క్లినిక్కులో అడుగుపెట్టిన ప్రతివారికిని ఈ ప్రశ్నలను తేటతెలుగులో అచ్చువేసిన కాగితమును ముందుగ నిచ్చి, అవుననియో కాదనియో గురుతు పెట్టుమన్న చాలును. దీనికై ఏ యంత్రమును కొననక్కరలేదు.

కుమారుడు డల్లాసులోను కుమార్తె మెల్బోర్నులోను ఉండి, హైదరాబాదులోని తల్లికి మోకాలి ఆపరేషను పిమ్మట ఫోను మీదనే ఇంటికి వచ్చు ఫిజియోథెరపీ ఏర్పాటు చేయు కాలమిది. ఆ వారములలో ఆమెను నిత్యము చూచు వైద్యరంగపు మనిషి ఆ వచ్చువారొక్కరే. పిక్క వాచి, వెచ్చబడి, ఒత్తిన నొప్పి పెట్టుచుండగా, ఆపరేషను వాపే గదాయని మర్దన చేసినచో, లోపలి సిరలో గడ్డకట్టిన రక్తము కదలి ఊపిరితిత్తులను చేరవచ్చును. మోకాలి క్రింది ఎముక బుడిపెకు 10 సెంటీమీటర్ల దిగువ రెండు పిక్కలను టేపుతో కొలిచినపుడు 3 సెంటీమీటర్లు గాని అంతకుమించి గాని తేడా యుండిన, శంకింపవలసినదే. దర్జీవాని టేపు ఖరీదెంత?

భుజము సంగతి క్లుప్తముగ. చక్కెరవ్యాధి గలవారికి భుజము పట్టుట సర్వసాధారణము. గుండెనొప్పి తన సహజరూపమున గాక మారువేషమున వచ్చుటయు వారికే యెక్కువ. చేయి త్రిప్పిన రాక, మెట్లెక్కిన వచ్చు ఎడమభుజపు నొప్పి భుజముది కాకపోవచ్చును. ఊపిరితిత్తి శిఖరమున పుట్టు క్యాన్సరు భుజమునొప్పిగనే మొదలగు విధమును ఫిలడెల్ఫియా ఎక్స్-రే నిపుణుడు హెన్రీ పాన్‌కోస్ట్ 1924లోనే తెలిపియున్నాడు.

ఇంత చెప్పితినని నడుము పట్టిన ప్రతివానిని ఎమ్మారై గదికి తోలుమనుట నా భావము కాదు. ఆ వ్యాపారమునకు మన నగరములలో ప్రోత్సాహము కొఱత లేదు. ఒంటరిగా ఏ లక్షణమును పెద్దగా చెప్పజాలదు. 2020లో ఫిజియోథెరపిస్టుల అంతర్జాతీయ బృందమొకటి వెలువరించిన మార్గదర్శకము గూడ లక్షణములను విడివిడిగ గాక, రోగి పూర్వచరిత్రతో కలిపి తూచుమనియే బోధించినది. ఆ తూనిక శ్రద్ధగల వృత్తినిపుణునకు సాధ్యమే.

అయినచో అడ్డమెచ్చట? మొదటిది సొమ్ము. పది సిట్టింగులకు ముందే రుసుము పుచ్చుకొన్నవారికి మూడవనాడు ‘ఇది నా పని కాదు’ అనుటకు నోరాడదు. రెండవది వైద్యుల అహంకారము: ఫిజియోథెరపిస్టు శ్రద్ధగ వ్రాసి పంపిన చీటీని చదువకయే మడిచి పెట్టు పెద్దలను నేనెఱుగుదును. అట్లు మడిచిపెట్టినవారు ఆ ఫిజియోథెరపిస్టు చేత మరియొక చీటీ వ్రాయింపజాలరు. రాష్ట్రముల వృత్తి మండలులు పైన చెప్పిన ప్రశ్నల కాగితమును తప్పనిసరి చేయవలెను. ఆసుపత్రులు అట్టి చీటీలకు వ్రాతమూలకముగ బదులీయవలెను.

పాఠకులకు ఒక విన్నపము. జ్వరము, బరువు, పాత జబ్బులు, మ్రింగుచున్న మాత్రలు, మూత్రము - వీనిలో దేనిని దాచకుడు. సిట్టింగులకు సొమ్ము కట్టుటకు ముందు, ‘నడుమ ఆపి వైద్యునియొద్దకు పంపవలసివచ్చినచో మిగిలిన రుసుము తిరిగి ఇత్తురా?’ యని అడుగుడు. సమాధానము విన్న పిమ్మటనే కట్టుడు.